మూడు దెబ్బలు, ఒక ఊపిరి

ఓడలకు దారి చూపే ముసలి జోర్జి శవం తెల్లారేసరికి మంచినీళ్ళ బావిలో తేలింది. మెడకు వలతాడు బిగించి ఉంది. పీక పిసికితే పిసికారు, వాన నీళ్ళు తప్ప తాగే దిక్కులేని ఊళ్ళో బావిలో ఎందుకు పడేసినట్టు? వెనిస్‌లో పుట్టినవాడెవడూ ఆ పని చెయ్యడు. పరాయివాళ్ళు ఊళ్ళోకి దిగారన్నమాట.

కాసేపటికి ఏజెంట్ మెనెగోకు కబురొచ్చింది. నెత్తిన మలుగుచేపల బుట్టతో వెళ్ళి ఓ పాత గోదాము తలుపు కొట్టాడు. ఆ వేషం వేశాక అతని దగ్గరికి కుక్క కూడా వచ్చేది కాదు. గూఢచారికి అంతకన్నా ఏం కావాలి?

"మలుగులు బతికున్నాయా?" లోపలినుంచి గొంతు.

"ఉన్నవి పాడుతున్నాయి."

తలుపు తెరుచుకుంది. చీఫ్ అల్మోరో కూర్చోమనకుండానే మొదలుపెట్టాడు.

"పక్క రేవు కియోజా మన శత్రువులు జెనోవావాళ్ళ చేతుల్లోకి పోయి రెండు నెలలు. అందుకే కాలవల్లో ఓడలకు దారి చెప్పే గుర్తుగుంజలన్నీ మనమే పీకేశాం. ఇప్పుడు లోతెక్కడో బురదెక్కడో దేవుడిక్కూడా తెలీదు. తెలిసినవాళ్ళు పదకొండుమంది. ఇవాళ్టితో పదిమంది."

"చిత్తం, దొరా."

"ఎవడో దొంగచాటుగా దక్షిణపాయలో కొత్తగుంజలు పాతాడు. ఆరు. మధ్యాహ్నం పోటుమీద వాళ్ళ ఓడలు వాటిని పట్టుకుని నేరుగా ఊళ్ళోకొస్తాయి. ఫాంతీనా పంపిన కబురిది."

ఫాంతీనా సారా వ్యాపారి వితంతువు. ఆమె నవ్వితే జెనోవా కెప్టెన్ నోట రహస్యాలు దొర్లేవి. ఆమె తన గూఢచారి అని అతని నమ్మకం, మన మనిషని అల్మోరో నమ్మకం. ఇవాళ కెప్టెన్ పక్కనే ఓడెక్కి వస్తోంది.

"నీ మిషన్ ఒక్కటే. ఆ ఓడలు ఊళ్ళోకి రాకూడదు. పాతిన ద్రోహి సంగతి తర్వాత చూద్దాం."

మెనెగో తల వంచుకున్నాడు. ఆ ద్రోహి ఎవరో అతనికి రెండురోజులుగా తెలుసు.

మొన్న పొగమంచులో మలుగులు అమ్ముకుని వస్తుంటే దూరంగా సమ్మెట చప్పుడు వినబడింది. మూడు దెబ్బలు, కాసేపు ఆగడం, మళ్ళీ మూడు దెబ్బలు. ఆగి విన్నాడు. గుంజలు కొట్టే ముఠాలన్నీ పాట పాడుతూ నాలుగేసి దెబ్బలు వేస్తాయి. మెనెగో తండ్రి ఈ ఊరి ఇళ్ళ కింద పునాదిగా వేలకొద్దీ దుంగలు దింపినవాడు. బురదను దాటి, అడుగున గట్టిబంకమట్టి తగిలేదాకా దింపేవాడు. గాలి తగలకపోతే ఆ కొయ్య వందలేళ్ళయినా కుళ్ళదు. కొట్టినవాడి ఊపిరితిత్తులే ముందు కుళ్ళాయి. చివరి రోజుల్లో మూడు దెబ్బలకోసారి ఆగి ఊపిరి పీల్చుకునేవాడు. ఆయనతో కలిసి కొట్టిన కొడుకులిద్దరికీ అదే అలవాటైంది. ఒకడు మెనెగో, రెండోవాడు అన్న బోర్తోలో.

బోర్తోలో పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు కియోజాలో శత్రువు చేతిలో ఉన్నారు. ఎందుకు చేశాడో వేరే చెప్పాలా? మెనెగో ఆ సంగతి చీఫ్‌కు చెప్పాల్సింది. చెప్పకుండానే బుట్ట ఎత్తుకుని బయటపడ్డాడు.

నీళ్ళు తగ్గిన ఆటు వేళకు ముసలి పడవవాడు నానెతో కలిసి మలుపు దగ్గరి గుంజ చేరాడు. ఆరూ పీకే టైము లేదు. మలుపుది ఒక్కటి మారిస్తే చాలు, ఓడలు తిరగాల్సిన చోట తిరగవు. రెండు పడవలు చెరోపక్క పెట్టి, పైన అడ్డదూలం వేసి, గుంజను దూలానికి బిగించి కట్టారు.

"ఇంక లాగుదామా?"

"మనం లాగేదేంటి అబ్బాయ్, సముద్రం లాగుద్ది. కూచో," అన్నాడు నానె.

పోటు మొదలైంది. నీరు ఎక్కుతోంది, పడవలు లేవబోతున్నాయి, తాళ్ళు కిర్రుమంటున్నాయి. గుంజ మాత్రం కదలదు. పొగమంచు అవతల శత్రువు కొమ్ముబూర మోగింది. పడవ అంచుకు నీళ్ళు తగులుతుండగా బురద గుబుక్కుమంది. గుంజ వదిలింది!

దాన్ని ఈడ్చుకెళ్ళి బురదమెరక మీద నిలబెట్టారు. ఇద్దరు ఎత్తే కొయ్యసమ్మెట తీశారు.

"చప్పుడవుద్ది," అన్నాడు నానె. "ఊళ్ళో పని జరుగుతున్నట్టు నాలుగేసి కొట్టు. ఎవడికీ అనుమానం రాదు."

మెనెగో మూడు కొట్టి ఆగాడు.

"ఏమైందయ్యా, ఊపిరాడట్లేదా?"

"మా ఇంటి పద్ధతి. ఈ గుంజలు పాతింది మా అన్నే, దారి చూపడానికి ఆ ఓడమీదే ఉంటాడు. వింటే అర్థం చేసుకుని నీళ్ళలోకి దూకేస్తాడు."

"కెప్టెన్‌కి చెప్పేస్తే?"

మెనెగో సమ్మెట పిడి మళ్ళీ పట్టుకున్నాడు. చెప్పేస్తే ఊరు పోతుంది. అది తెలిసే మళ్ళీ మూడు కొట్టాడు. తప్పే. ముమ్మాటికీ తప్పే. కానీ తోడబుట్టినవాడు.

పొగమంచు చీల్చుకుని మొదటి ఓడ వచ్చింది. ముందుకొమ్మున బోర్తోలో నిలబడి ఉన్నాడు. దూకు, అన్నా, దూకెయ్! మెనెగో పడవ అంచు మీదికి వంగాడు. బోర్తోలో చెయ్యెత్తి నేరుగా దొంగగుంజ వైపు చూపించాడు. తెడ్లు పడ్డాయి. ఓడ బురదలోకి దూసుకుపోయి నడుముదాకా కూరుకుపోయింది. వెనకది దాని వీపు మీదికొచ్చి విరిగింది. మిగిలినవి కంగారుగా వెనక్కి తిరిగాయి. ఊళ్ళో గంటలు మోగాయి. మనవాళ్ళ పడవలు విల్లమ్ములతో కమ్ముకున్నాయి.

సాయంత్రం గోదాములో ఫాంతీనా మెనెగోను పక్కకు లాగింది. పట్టుగౌను నిండా బురద.

"కెప్టెన్ అడిగాడు, ఏంటా చప్పుడని. మీ అన్న నవ్వాడు. 'ఆ ఊళ్ళో గుంజలు కొట్టని రోజెక్కడిది దొరా, కొట్టకపోతే కొంపలు మునుగుతాయి. దారి ఇదే, పోనియ్యండి' అన్నాడు."

"తర్వాత?"

"ఓడ దిగబడగానే కెప్టెన్ కత్తి దూసి అతన్ని పొడిచేశాడు." ఆమె గొంతు తగ్గింది. "అంతకుముందే మీ అన్న మెల్లగా గొణుక్కున్నాడు. 'వెధవ, సమ్మెట మరీ ఎత్తుతాడు, ఎన్నిసార్లు చెప్పినా అంతే' అని. అదేంటో నాకర్థం కాలేదు."

మెనెగోకు అర్థమైంది. కొట్టేది తమ్ముడేనని పోల్చుకునే అన్న ఆ గుంజవైపు చెయ్యి చూపాడు.

"ఆ మాటలు విన్నది నేనూ కెప్టెనూ మాత్రమే. వాడిప్పుడు మన జైల్లో ఉన్నాడు," అంది ఫాంతీనా. "మీ అన్న కావాలనే ఓడను బురదలోకి తోలాడని కియోజాలో ఇంకెవరికీ తెలీదు. తెలిస్తే ఆ పిల్లల్ని బతకనివ్వరు."

అల్మోరో వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "శభాష్. రేపు చౌక్‌లో ద్రోహి పేరు చాటింపు వేయించాలి. ఎవడు వాడు?"

ఫాంతీనా కిటికీలోంచి బయటికి చూస్తోంది. మెనెగో ముందుకొచ్చాడు.

"బోర్తోలో. మా అన్న. డబ్బుకు అమ్ముడుపోయాడు, దొరా. గట్టిగా చాటించండి. కియోజాదాకా వినబడాలి."

అల్మోరో అతని వంక వింతగా చూశాడు. మాట మార్చాడు. "ఆ బురదలో గుంజ పీకించెయ్యనా?"

"ఎంత లాగినా రాదు లెండి," అన్నాడు మెనెగో, మలుగుల బుట్ట నెత్తికెత్తుకుంటూ. "సమ్మెట మరీ ఎత్తి కొట్టాను."