నాలుగో సాయంత్రం

ఆ పాడుబడ్డ రాజమహల్లో సాయంత్రం ఆరు దాటాక చప్పట్లు కొట్టకూడదని మా మావయ్య చెప్పేవాడు. కొడితే పైనుంచి జవాబు వస్తుందట. జవాబిచ్చే మనిషి మాత్రం కనిపించదట.

మావయ్య అక్కడ ఇరవై రెండేళ్లు గైడుగా పనిచేశాడు. ఉన్నమాట ఒకటైతే దానికి తొమ్మిది కలిపి చెప్పే రకం. అందుకే ఆయన కబుర్లు చాలావరకు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవాణ్ణి. ఇదొక్కటే వదల్లేకపోయాను. ఇది చెప్పినరోజు ఆయన చేతులు ఒక్కసారి కూడా గాల్లోకి లేవలేదు. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, అంతే.

ముందు ఆ చోటు సంగతి చెప్పాలి. మహల్ ముఖద్వారం మీద ఒక గుమ్మటం ఉంది. సరిగ్గా దాని కింద నేలలో ఒక నల్లరాయి. ఆ రాతి మీద నిలబడి చప్పట్లు కొడితే, మూడంతస్తుల పైనున్న రాణిగారి హాల్లో పక్కనే కొట్టినట్టు వినిపిస్తుంది. హాల్లో కొడితే కింద రాతి మీదున్నవాళ్లకి వినిపిస్తుంది. రెండడుగులు పక్కకి జరిగితే ఏమీ లేదు. గొంతు చించుకున్నా మాటలు చేరవు, చప్పుడొక్కటే చేరుతుంది.

దాన్ని వాచ్‌మన్ తన పనికి వాడుకునేవాడు. రోజూ గేటు మూసేముందు రాతి మీద నిలబడి మూడు చప్పట్లు కొడతాడు. పైన ఎవరైనా మిగిలిపోతే వాళ్లు తిరిగి కొట్టాలి. టికెట్టు వెనకాల కూడా ఆ మాటే అచ్చువేసి ఉంటుంది. జవాబు లేకపోతే తాళం పడుతుంది.

ఇక రాణిగారి కథ. దీపం తెమ్మని చప్పట్లు కొట్టిందట, దాసీ రాలేదట, చీకట్లోనే ప్రాణం పోయిందట, ఇప్పటికీ దీపం కోసం కొడుతూనే ఉందట...

"అది నేనే అల్లానురా," అన్నాడు మావయ్య. "ఎండలో అన్ని మెట్లెక్కి వచ్చినవాళ్లకి ఖాళీ హాలు చూపిస్తే ఏం బావుంటుంది? ఏదో ఒకటి చెప్పాలి కదా."

అలా అల్లిన కథ ఓ ఏడాది వానాకాలంలో నిజమైంది.

ఆ తర్వాతి ఏడు, వానలు మొదలవకముందు, ఒకావిడ వచ్చింది. ఒక్కతే. వృత్తి టైలరు. మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి అలాగే బస్సెక్కేసింది పాపం. పదిమంది టూరిస్టుల వెనకాల నిలబడి, మావయ్యకి ఫోన్లో ఒక ఫొటో చూపించింది. రాతిపూలు చెక్కిన గుమ్మం.

"ఇది ఇక్కడిదేనా గైడుగారూ?"

"రాణిగారి హాలు గుమ్మమే అమ్మా. ఇప్పుడు అటు పోనివ్వడం లేదు. మెట్లకి గొలుసు వేసేశారు."

"మా తమ్ముడు పంపించాడు. ఎక్కడున్నాడో చెప్పలేదు. నిరుడు వానల్లో వెళ్లినవాడు మళ్లీ ఇంటికి రాలేదు. ఈ గుమ్మం ఏ ఊళ్లోదో తెలీక ఏడాదిగా తిరుగుతున్నా. మొన్న బస్సు బుకింగ్ ఆఫీసులో క్యాలెండర్ మీద కనిపించింది."

తమ్ముడి ఫొటో కూడా చూపించింది. కళ్లజోడు, పొట్టి జుట్టు. మావయ్య తల అడ్డంగా ఊపాడు. రోజుకి వందమంది మొహాలు చూసే మనిషికి ఏం గుర్తుంటుంది? అయ్యో అనుకున్నాడు. అనుకుని, మిగతావాళ్లు ఎదురుచూస్తున్నారు కాబట్టి అందర్నీ నల్లరాయి చుట్టూ నిలబెట్టి తన కథ ఎత్తుకున్నాడు. చెప్పి చెప్పి అరిగిపోయిన కథ, నోరు దానంతటదే చెప్పుకుపోతుంది.

"నిరుడు వానాకాలం... వంతెన మునిగి బస్సులు ఆగిపోయిన వారం. పైమెట్లు నాచుపట్టి జారుతున్నాయని తాడు కట్టేశాం. పైకి పురుగు కూడా వెళ్లే వీల్లేదు. సాయంత్రం ఆరింటికి మా వాచ్‌మన్ ఇదిగో, ఈ రాయి మీద నిలబడి మూడు చప్పట్లు కొట్టాడు..."

ఆగాడు. అక్కడ ఆగడం ఆయనకి అలవాటు.

"పైనుంచి మూడు చప్పట్లు! గట్టిగా!"

ఎవరో కిసుక్కున నవ్వారు. టైలరావిడ నవ్వలేదు.

"రెండో సాయంత్రం కొడితే జవాబు మెల్లిగా వచ్చింది. రాణిగారు అలిసిపోయింది మరి. మూడో సాయంత్రం నేనూ పక్కనే ఉన్నా. ఆ రోజు వచ్చింది అరచేతుల చప్పుడు కాదు. ఠక్... ఠక్... ఠక్... ఎముకకి ఎముక తగిలినట్టు!"

"మొదటి సాయంత్రం తేదీ ఎంత?"

గొంతు పెంచకుండానే అడిగింది ఆవిడ. మావయ్య ఇంకా కథలోనే ఉన్నాడు. వంతెన మునిగిన రోజే అది, ఆయనకి బాగా గుర్తు. హుషారుగా తేదీ చెప్పేశాడు.

"వంతెన దాటేశానక్కా, నీళ్లు పైకి వస్తున్నాయి అని ఆ పొద్దున్నే మెసేజ్ పెట్టాడు," అంది ఆవిడ. "ఈ గుమ్మం ఫొటో మధ్యాహ్నం వచ్చింది."

ఇరవై రెండేళ్లలో మావయ్యకి తన కథ మధ్యలో మాట దొరక్కపోవడం అదే మొదటిసారి.

"తాడు ఒకటే కట్టారా? మనిషి కిందనుంచి దూరి వెళ్లిపోగలడా?"

"...వెళ్లిపోగలడమ్మా."

టూరిస్టులు ఒక్కొక్కరే జారుకున్నారు. గొలుసు తాళంచెవి ఆఫీసులో ఉంది. ఆఫీసరు ఎక్కడో పెళ్లికి వెళ్లాడు. ఆయన వచ్చి తాళంచెవి ఇచ్చేసరికి బాగా పొద్దుపోయింది. పొద్దున చూద్దామన్నారు. ఆవిడ వినలేదు. గొలుసు పక్కనే మెట్టుమీద కూర్చుంది.

చివరికి మావయ్య, వాచ్‌మన్, ఆవిడ, రెండు టార్చిలైట్లు. గబ్బిలాల కంపు. అడుగు తీసి అడుగు వేస్తుంటే గోడలు కూడా అడుగులేస్తున్నట్టు చప్పుడు...

"అన్నా, వెనక్కి పోదామన్నా," అని వాచ్‌మన్ గొణిగాడు.

"నోర్మూసుకుని నడు," అన్నాడు మావయ్య. దెయ్యం ఉంటే బావుండునని ఆ రాత్రి దేవుడికి మొక్కుకున్నానురా అని నాతో చెప్పాడు. నిజంగా దెయ్యమే అయితే తన తప్పేమీ ఉండదు కదా.

రాతిపూల గుమ్మం దాటారు. హాలు ఖాళీ. దుమ్ము, ఆకులు, కూలిన కిటికీ. ఆవిడ ఒక్కతే గోడవారనే నడుస్తూ మూల దాకా వెళ్లింది... ఆగిపోయింది.

నేలమీది బండ ఒకటి విరిగి ఉంది. కింద చీకటి.

లైటు వేశారు. రెండు నిలువుల లోతు. పూర్వం నగలు దాచుకునే కొట్టు కావచ్చు. ముందు ఒక బూటు కనిపించింది. తర్వాత కళ్లజోడు. తర్వాత మిగతాది.

ఆవిడ ఏడవలేదు. "నిచ్చెన తెండి," అంది. వాచ్‌మన్ పరుగెత్తి తెచ్చాడు. వద్దన్నా వినకుండా ముందు ఆవిడే దిగింది, వెనకాల మావయ్య.

ఒక మూల పైకప్పులోంచి వాననీళ్లు కారిన చార. దాని కింద మూత తీసిన ప్లాస్టిక్ సీసా, నీళ్లు పట్టుకోవడానికి నిలబెట్టినట్టుంది. కాలి ఎముక విరిగి ఉంది. పక్కన పగిలిపోయిన ఫోను. చేతుల దగ్గర రెండు పలకరాళ్లు. అంచులు పొడిపొడిగా రాలి ఉన్నాయి.

అరచేతులు కొట్టలేనంతగా వాచిపోయాక, మూడోరోజు ఆ రాళ్లు తీసుకున్నాడు. రాణిగారి ఎముకలంటూ మావయ్య ఏడాదిపాటు జనానికి చెప్పి భయపెట్టింది ఆ చప్పుడునే.

ఇది విన్నప్పుడు నాకు మావయ్య మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ టికెట్టు వెనకాల రాసి ఉన్నట్టే చేశాడు కదా ఆ కుర్రాడు! పిలిస్తే పలికాడు. కోపం మొహంలో కనిపించిందేమో, మావయ్య తలొంచుకున్నాడు.

"ఇంకా అయిపోలేదురా," అన్నాడు.

ఆవిడ తమ్ముడి తల పక్కన గోడని తడుముతూ ఉందట. రాతిమీద గీతలు. రాయితో గీసినవి, రోజుకొకటి. టార్చి దగ్గరికి పట్టమంది. బట్టమీద కొలత పెట్టినట్టు వేలితో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టింది.

"గైడుగారూ... మూడు సాయంత్రాలు జవాబు వచ్చిందన్నారు కదా?"

"అవునమ్మా."

"ఇక్కడ ఆరు గీతలున్నాయి."

మావయ్య వంగి తనూ లెక్కపెట్టాడు.

"రాళ్లు చేతిలోనే ఉన్నాయి. నీళ్లూ ఉన్నాయి. మరి నాలుగోరోజు మావాడు ఎందుకు పలకలేదు?"

పైనుంచి వాచ్‌మన్ ఏడుపు వినిపిస్తోంది. మావయ్య ఆవిడ కాళ్ల దగ్గర కూలబడిపోయాడు.

"మేం పిలవలేదమ్మా. నాలుగో సాయంత్రం నుంచి భయపడి... చప్పట్లు కొట్టకుండానే తాళం వేసి వెళ్లిపోయాం."