మూడో పిలుపుకు పలికే అలిమేలమ్మ

తిరువాలంగాడు స్టేషన్ నుంచి ఊళ్ళోకి పోయే దారిలో, పాత ఇటుకల బట్టీ దాటగానే ఎడమ పక్క ఒక పెంకుటిల్లు ఉంది. దానికి వేరే పేరు అక్కరలేదు. చీకటి పడ్డాక "ఆ ఇల్లు" అంటే చాలు, విన్నవాళ్ళు పరుగుకు వీలుగా చెప్పులు సర్దుకుంటారు.

పూర్వం అక్కడ అలిమేలమ్మ అని ఒకావిడ ఉండేది. రోజూ రైలెక్కి మద్రాసు మిల్లులో పనికి పోయిన మొదటి ఆడమనిషి, ఆ చుట్టుపక్కల, ఆమేనట. పొద్దుగూకినాక ఒంటరిగా స్టేషన్ నుంచి నడిచి వస్తోందని నలుగురూ నాలుగు మాటలన్నారు. అన్నదమ్ములు పని మాన్పించారు. ఆ తరవాత ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. అరుగు మీద కూర్చుని, వచ్చే రైలు పోయే రైలు చూస్తూ ఉండేది. అట్లా చూస్తూనే పోయింది.

పోయిందని నేనంటున్నాను. ఊరివాళ్ళు అనరు. అక్కడే ఉందంటారు.

అందుకే ఆ పేరు ఎవరూ పైకి పలకరు. పుట్టిన పిల్లలకు పెట్టరు. పైగా మా వైపు ఇంకో కట్టుబాటు ఉంది. చీకటి పడ్డాక ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకు పలకం. రెండో పిలుపుకూ పలకం. దెయ్యం రెండుసార్లకు మించి పిలవలేదట! మూడోసారి కూడా పిలుపు వినబడితే మనిషే అని ధైర్యం తెచ్చుకుని "ఆ..." అంటాం. ఈ లెక్కన మా ఇంట్లో రాత్రి అన్నం వేడిగా తిన్నది ఎప్పుడో నాకు గుర్తు లేదు.

ఈ కథ నాకు చెప్పింది షర్మిల. ఇద్దరం శ్రీపెరుంబుదూరు పక్క ఒక ఫోన్ల కంపెనీలో పని చేస్తాం. కంపెనీ బస్సు నేను తిరుత్తణిలో ఎక్కుతాను, ఆమె తిరువాలంగాడు మలుపులో ఎక్కుతుంది. సాయంత్రం అక్కడే దిగి, ఆ ఇంటి ముందు నుంచి నడిచి తమ కాలనీకి పోవాలి. ఇంకో దారి లేదు.

మార్గళి నెల, అంటే మన ధనుర్మాసం. బస్సు దిగేసరికే చీకటి కమ్మేసింది. దారిలో దీపం లేదు. షర్మిల ఫోన్ లైటు వేసుకుని, తల వంచుకుని, చకచకా నడుస్తోంది. ఆ ఇల్లు దగ్గర పడింది...

లోపలి నుంచి ఒక మగగొంతు.

"అలిమేలమ్మా..."

షర్మిల కాలు ఆగిపోయింది. విన్నది నిజమేనా? ఆ పేరు పిలిచే ధైర్యం ఎవరికి?

"అలిమేలమ్మా..."

తాళం వేసిన ఇల్లు. కిటికీ సందులో నీలంగా ఏదో వెలుగు.

"అలిమేలమ్మా!"

అప్పుడు పలికింది — ఒక ఆడగొంతు. మెల్లగా, తీరిగ్గా.

"ఆ... చెప్పండయ్యా."

"కాళ్ళు ముడుచు."

"కాళ్ళు ముడిచినానయ్యా."

లోపల ఏదో హోరుమని లేచింది. పెంకులు కూడా అదిరినట్టు అనిపించింది షర్మిలకు. కాళ్ళు ముడుచుకున్న అలిమేలమ్మ ఏ క్షణాన ఇంటికప్పు మీదుగా పైకి లేస్తుందో అని తల ఎత్తను కూడా ఎత్తలేదు. ఒక చెప్పు అక్కడే వదిలేసి, రెండో చెప్పుతో ఇల్లు చేరింది.

వాళ్ళమ్మ కుప్పమ్మ అంతా విన్నది. ఆమె ప్రతి ఆదివారం ప్రార్థనకు పోయే మనిషే. అయినా కూతురి సంచిలో వేపాకు, నిమ్మకాయ పెట్టింది. ఇట్లాంటి చిల్లర విషయాలతో యేసయ్యను ఇబ్బంది పెట్టడం ఎందుకని కాబోలు. పెట్టి, ఒక మాట కూడా అన్నది.

"ఇంకొక్కసారి ఆ ఇంటికాడ నుంచి పరిగెత్తుకోని వస్తివో, పని మాన్పిస్తాను. పని లేదు, గిని లేదు."

"అమ్మా, ఆ పని కోసరం ఎంత తిరిగినానో నీకు తెల్దా?"

"పని పోతే ఇంకోటి దొరకతాది. పాణం పోతే యాడ దొరకతాది?"

షర్మిలకు ఏడుపొచ్చింది. పని మానితే మళ్ళీ ఇంట్లో కూర్చుని పూలు కట్టుకోవాలి. కంపెనీలో ఆమె చేసేది కొత్త ఫోన్లలో గొంతు సరిగ్గా వస్తోందా లేదా అని విని చెప్పే పని. చెవికి పెట్టుకుంటే చాలు, ఎక్కడ బొంగురు పోయిందో చెప్పేస్తుంది. గొంతులు వినే ఆ బెంచీ దగ్గర ఆమె లెక్కలోకి వచ్చే మనిషి. అది పోగొట్టుకోవడం ఆమె వల్ల కాదు.

కాబట్టి మరోసారి ఆ గొంతులు వినబడ్డ రోజు ఆమె పరుగెత్తలేదు. పరుగెత్తితే పని పోతుంది. నిమ్మకాయను గుప్పిట్లో బిగించి, గోడ పక్కన అట్లాగే నిలబడింది. మోకాళ్ళు మాత్రం వాటంతట అవి పరుగెడుతూనే ఉన్నాయి.

"అలిమేలమ్మా... అలిమేలమ్మా... అలిమేలమ్మా!"

"ఆ... చెప్పండయ్యా."

"రెక్కలు చాపు."

"రెక్కలు చాపినానయ్యా."

"కాళ్ళు దించు."

"కాళ్ళు దించినానయ్యా."

ఆ తరవాత ఇంకెవరిదో గంభీరమైన గొంతు, ఇంగ్లీషులో అంకెలు తగ్గిస్తూ లెక్కపెట్టింది. యాభై... నలభై... ముప్పై... ఇరవై... అలిమేలమ్మ నేల మీదికి దిగుతోందన్నమాట! ఢామ్మని చప్పుడు. ఆ వెంటనే మగగొంతు విసుక్కుంది.

"చీ... మళ్ళా పొలంలో దించితిని."

లోపల మళ్ళీ మొదలైంది. మళ్ళీ మూడు పిలుపులు. మళ్ళీ "ఆ... చెప్పండయ్యా." మళ్ళీ "రెక్కలు చాపినానయ్యా."

అదిగో, అక్కడ షర్మిల చెవి నిక్కబొడుచుకుంది. ఆ రెండు 'చెప్పండయ్యా'లూ ఒక్కటే. అదే సాగదీత, అదే ఆగుడు, వెంట్రుకవాసి తేడా లేదు. మనిషి ఏ మాటనూ రెండుసార్లు ఒకే తీరుగా అనలేదు. చచ్చిపోయినంత మాత్రాన అంత ఓపిక వస్తుందా? దెయ్యానికైనా విసుగు పుట్టదా?

ఇంటి వెనక్కి పోయి పెరటి తలుపు నెట్టింది.

చీకటి గదిలో పెద్ద కంప్యూటరు తెర. తెర మీద ఆకాశం, కింద రైలు పట్టాలు. దాని ముందు బనియనుతో, తలకు మఫ్లరు చుట్టుకుని, ఒకప్పటి రైలు డ్రైవరు, వాళ్ళ ఊరి వరదయ్య! పక్కన ఫ్లాస్కు, మురుకుల పొట్లం.

"తాతా... నువ్వా!"

వరదయ్య అదిరిపడ్డాడు. మురుకు గొంతుకు అడ్డం పడి కాసేపు దగ్గి, తేరుకుని, చేతులు జోడించాడు.

"పాపా, ధనమ్మకు మాత్రం చెప్పొద్దు. భజనకు పోతా ఉండానని చెప్పినాను."

ధనమ్మ ఆయన పెళ్ళాం. ముప్పై ఏళ్ళకు పైగా రైలింజన్లు నడిపి, రిటైరై, ఇంట్లో ఖాళీగా కూర్చోలేక ఆయన కంప్యూటరులో విమానం నడిపే ఆట పట్టాడు. రెండింజన్ల పెద్ద ప్రయాణికుల విమానం. ఇంట్లో ఆ కేకలు భరించలేక ధనమ్మ కంప్యూటరు తీగ పీకేసింది. ఈ ఇంటి సొంతదారు దామోదరం తిరువళ్ళూరులో ఉంటాడు. వారానికోసారి దీపం పెట్టమని వరదయ్యకు తాళం ఇచ్చాడు. ఆయన దీపంతో పాటు విమానం కూడా పెట్టుకున్నాడు.

"అయితే ఈ అలిమేలమ్మ ఏంది తాతా?"

వరదయ్య చెప్పాడు. విమానంలో మీటలు వంద. చేతులు రెండు. అందుకని మాట చెబితే మీట నొక్కే ఏర్పాటు చేసుకున్నాడు. ఏ మాటకు ఏ మీటో కంప్యూటరుకు నేర్పితే చాలు. ఇంగ్లీషులో చెబితే దానికి ఆయన ఇంగ్లీషు ఎక్కలేదు. తెలుగులో పెట్టాడు. చక్రాలంటే కాళ్ళు. నేల ఎంత దగ్గరైందో ఇంగ్లీషులో లెక్కపెట్టే గొంతు మాత్రం విమానం సొంతది. పైగా రైల్లో డ్రైవరు సిగ్నలు చూసి పైకి చెబితే, పక్కనున్న అసిస్టెంటు అదే మాట తిరిగి చెప్పాలి. అది లేనిది ఆయనకు బండి కదిలినట్టే ఉండదు. అందుకే కంప్యూటరులోని ఆడగొంతును పక్క సీట్లో కూర్చోబెట్టి, ప్రతి మాటా తిరిగి చెప్పమన్నాడు.

"దానికో పేరు పెట్టాల. పేరు పిలిస్తేనే వింటాది. ముందు లక్ష్మి అని పెట్టినాను. వీధిలో ఎవరో లక్ష్మిని పిలిచి కాళ్ళు దించమంటే నడి ఆకాశంలో చక్రాలు దిగిపోయినాయి. సరోజ అని పెట్టినాను. ఊరు నిండా సరోజలే. ఊళ్ళో ఎవురూ నోరెత్తి పిలవని పేరు ఏది అని చూస్తే..."

"ఒక్కటే ఉంది," అన్నది షర్మిల.

"ఆ. ఒక్కటే. మూడుసార్లు పిలిస్తేనే పలకమని కూడా చెప్పి పెట్టినాను. మన పద్ధతి మనం వదలకూడదు గదా."

చెవుల్లో ఇంజన్ల హోరు నిండిపోయిన మనిషి కాబట్టి స్పీకరు గట్టిగా పెట్టుకున్నాడు. షర్మిల నవ్వి నవ్వి గోడకు జారగిలబడింది. ధనమ్మకు చెప్పనని మాటిచ్చింది, ఒక షరతు మీద. తన అమ్మకు ఇదంతా చూపించాలి.

మర్నాడు పొద్దుగూకినాక కుప్పమ్మను తీసుకొచ్చింది. ఆమె వాకిట్లోనే మొండికేసింది. లోపలికి లాగి, స్టూలు మీద కూర్చోబెట్టారు. వరదయ్య మద్రాసులో విమానం లేపాడు. మూడు పిలుపులు, కాళ్ళు ముడుచు, ముడిచినానయ్యా, అన్నీ చూపించాడు. రైలు పట్టాల వెంబడే నడిపాడు. తిరువళ్ళూరు స్టేషన్ మీద వేగం కూడా తగ్గించాడు, అలవాటు చొప్పున.

కుప్పమ్మ భయం పోయింది. నవ్వింది కూడా. షర్మిల ఆశగా చూసింది.

"సరే. పేయి లేదు, దెయ్యం లేదు. అయినా పని వద్దు," అన్నది కుప్పమ్మ.

"ఏమ్మా!"

"ఈ పొద్దు పేయి కాదు, రేపు తాగుబోతోడు. ఆడబిడ్డ చీకట్లో ఒంటిగా నడిచొస్తా ఉంటే నలుగురూ నాలుగు మాటలంటారు. రేపే పోయి మానేస్తానని చెప్పు."

షర్మిల ఇన్ని రోజులూ దెయ్యమే అడ్డం అనుకుంది. దెయ్యం పోయినా అడ్డం పోలేదు. వరదయ్య ఏదో చెప్పబోయాడు...

కరెంటు పోయింది.

తెర ఆరిపోయింది. ఇంజన్ల హోరు తెగిపోయింది. విమానం, అందులోని జనంతో సహా, చీకట్లో కలిసిపోయింది.

"అరక్కోణం వచ్చేసినాము గదరా దేవుడా!" వరదయ్య వాపోయాడు.

కుప్పమ్మ పకపకా నవ్వింది. భయం పోయిన మనిషికి నోరు కాస్త ఎక్కువే వస్తుంది. చీకట్లోకి చూస్తూ, వెటకారంగా పిలిచింది.

"ఏమ్మా అలిమేలమ్మా... నువ్వే చెప్పు, నేను చెప్పేది న్యాయమా కాదా?"

"ఒక్క పిలుపుకు పలకదు కుప్పమ్మా," వరదయ్య నవ్వాడు. "పైగా కరెంటు కూడా—"

"ఆ..."

ముగ్గురూ బిగుసుకుపోయారు.

ఆ గొంతు తెర వైపు నుంచి రాలేదు. వీధి అరుగు వైపు నుంచి వచ్చింది. మెల్లగా. కాస్త బొంగురుగా, చాలా కాలంగా మాట్లాడనట్టు.

"బిడ్డను పనికి పోనీ... కుప్పమ్మా."

ఈసారి చివర అయ్యా లేదు.

స్టూలు పడిన చప్పుడు అయింది. ఆ తరవాత కుప్పమ్మ ఎట్లా పోయిందో, ఏ తలుపు గుండా పోయిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. రెండు చెప్పులూ మాత్రం అక్కడే దొరికాయి.

మర్నాడు కోడి కూయకముందే చిత్రాన్నం డబ్బా కట్టి, కూతుర్ని తట్టి లేపింది. "బస్సు పోతాది, లెయ్యి." అంతే. పని మానడం అన్న మాట మళ్ళీ ఆ ఇంట్లో వినబడలేదు. వరదయ్య ఆ రోజే కంప్యూటరు సొంత ఇంటికి మోసుకుపోయాడు. ధనమ్మ తిట్లయితే కనీసం తెలిసిన గొంతు గదా అని.

షర్మిల ఇదంతా చెబుతుంటే నేను ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాను. నేనేం చిన్నపిల్లను కాదు. రోజంతా గొంతులు విని విని, ఏ గొంతు ఎట్లా తీయాలో దీనికి తెలియదా? బస్సు మలుపు దగ్గర ఆగింది. ఆమె సంచి తీసుకుని లేచింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఏమే, దొంగముండా. అది నువ్వే గదా?"

ఆమె ముందు నవ్వింది. తరవాత ఆ నవ్వు ఎందుకో సగంలోనే ఆగింది. కిటికీలోంచి, చీకట్లో ఆ ఇల్లు ఉన్న వైపు ఒకసారి చూసింది.

"నేనే అందామనుకొన్నా అక్కా," అన్నది మెల్లగా. "నోరు కూడా తెరిచినా. అంతలో ఆమే అనేసింది."