పది పద్నాలుగుకు వెలిగిన పచ్చలైటు

కౌకో రంతలా శవం కుర్చీలోనే ఉంది.

కోటు తొడుక్కున్నాడు. బూట్ల లేసులు కట్టుకున్నాడు. ఒళ్లో చిన్న సంచి. అందులో మాత్రలు, పళ్ల బ్రష్షు. తలుపు గడియ తీసి ఉంది.

ఫోటోలో అంతే. యాభై ఎనిమిదేళ్ల మనిషి, గుండె జబ్బు, పడవలు బాగుచేసేవాడు. గోడకి ఎమర్జెన్సీ పెట్టె. బటన్ నొక్కితే టవర్ మీదుగా నర్సు ఫోన్‌కి అలారం వెళ్లాలి; వెళ్తే పచ్చలైటు, వెళ్లకపోతే ఎర్రలైటు. పెట్టె లాగ్‌లో ఒక్కటే వరుస: 'పంపాను, 10:14.'

నర్సు సాతు కర్వినెన్ రాలేదు. నాకు అలారమే రాలేదు అంటుంది. అందరూ అలాగే అంటారులే అనుకున్నారు పోలీసులు. వచ్చిన అలారాన్ని చెరిపేసిందని ఫైల్లో రాసేశారు. సోమవారం ఆమె లైసెన్స్ పోతుంది. ఆపైన కోర్టు.

గురువారం ఆ ఫైలు డిటెక్టివ్ ఇర్మెలీ హుస్కో చేతికొచ్చింది. ఇరవై ఆరేళ్ల డ్యూటీలో ఆమెకి ఏడుపూ కోపమూ రెండూ అరిగిపోయాయి. ఫోటో చూసినా ఏమీ అనిపించలేదు. కోటు దగ్గర మాత్రం చూపు ఆగింది.

మధ్యాహ్నం 1:20. కౌకో పక్కింటి తలుపు కొట్టింది. రెండిళ్ల మధ్య దూరం లెక్కపెట్టింది. ఎనభై అడుగులు.

పక్కింటి లెంపి తలుపు సగమే తీసింది.

"ఆయన పోయిన పొద్దున మీరేం చేస్తున్నారు?"

"ఏం చేస్తాను తల్లీ, ఫోన్ కలవక తిట్టుకుంటూ కూర్చున్నాను."

"ఎన్నింటికి?"

"పదినుంచి పదకొండున్నర దాకా సిగ్నల్ గీత ఒక్కటి లేదు. టవర్ ఎక్కి ఏదో పీకుతున్నారుగా."

"ముందు వచ్చిన పోలీసులకి చెప్పారా?"

"చప్పుడు వినబడిందా అని అడిగారు. లేదన్నాను. అడగనిది చెప్పడానికి నాకేం పట్టింది?"

ఇర్మెలీ నోట్‌బుక్ మూసేసింది. టవర్ పనిచెయ్యలేదు. మరి పెట్టె 'పంపాను' అని ఎలా రాసుకుంది?

మధ్యాహ్నం 3:05. ఔలు ఊళ్లో, ఆ పెట్టెలు తయారుచేసే కంపెనీ మీటింగ్ రూమ్. టేబుల్ చుట్టూ ఇర్మెలీ పిలిపించిన ముగ్గురు. నర్సు సాతు. ప్రోగ్రామర్ వేసా లాక్కో. మూడోవాడు టోర్స్తి రంతలా. పెట్టె ఆపరేటింగ్ సిస్టమ్‌లో నెట్‌వర్క్ కోడంతా ఇతని చేతికిందే. చచ్చిపోయిన కౌకోకి స్వయానా తమ్ముడు. సాతు మీద ఫిర్యాదు పెట్టిందీ ఇతనే.

"ఇంకా ఏం విచారణ?" అన్నాడు టోర్స్తి. "ఆవిడ ఫోన్ చూసుకోలేదు. మా అన్న పోయాడు. అయిపోయింది."

సాతు తల ఎత్తలేదు. పది రోజులుగా ఆ మాట విని విని చెవులు మొద్దుబారిపోయాయి ఆమెకి.

ఇర్మెలీ సంచిలోంచి పెట్టె తీసి టేబుల్ మీద పెట్టింది. కౌకో ఇంటిదే. ప్లగ్ పెట్టింది. యాంటెన్నా తీగ ఊడబీకి పక్కన పడేసింది.

"టోర్స్తి, బటన్ నొక్కు."

"తీగ లేకుండానా? ఎర్రలైటు వెలుగుతుంది. చిన్నపిల్లలకి కూడా తెలుసు."

"నొక్కవయ్యా, పోయేదేముంది?"

నొక్కాడు.

పచ్చలైటు వెలిగింది.

మళ్లీ నొక్కాడు. పచ్చ.

వేసా మొహం పాలిపోయింది. ఇర్మెలీ అటు తిరిగింది.

"పోయిన నెల నువ్వు ఒక మార్పు చేశావు. ఏంటది?"

"క్లీనప్... పంపే ఫంక్షన్ తిరిగిచ్చే అంకెలు గజిబిజిగా ఉండేవి. సరిచేశాను."

"ముందు ఏమిచ్చేది?"

"పనైతే సున్నా. కాకపోతే మైనస్ అంకె."

"ఇప్పుడు?"

"పనైతే ఒకటి. కాకపోతే... సున్నా."

"దాన్ని ఎన్నిచోట్ల వాడుతున్నారు?"

"పంతొమ్మిది. నేను పద్దెనిమిది మార్చాను. లైటు వెలిగించి లాగ్ రాసేది వేరే ఫోల్డర్‌లో ఉంది. అది ఇంకా మైనస్ కోసమే చూస్తోంది. మైనస్ ఇక రాదు, అంటే ఎప్పుడూ పచ్చే. దేవుడా..."

"టెస్ట్ చెయ్యలేదా?"

"చేశాం. ఇక్కడే, సిగ్నల్ ఉన్నచోట."

"ఇంకెవరూ చూడలేదా?"

ఇర్మెలీ కంపెనీ మార్పుల రికార్డులోని ఒక కాగితం తిప్పి పెట్టింది. పైన వేసా రాసిన మాట: 'శుభ్రం చేయడమే. పనితీరులో మార్పు లేదు.' కింద ఇంకో వరుస: 'చూశాను: టోర్స్తి రంతలా.' మార్పు వచ్చింది ఉదయం 9:31కి. సంతకం 9:33కి.

"రెండు నిమిషాల్లో పంతొమ్మిది చోట్లు చదివావా?"

"చదవలేదు." టోర్స్తి గొంతులో ఏ భావమూ లేదు. "క్లీనప్ అని రాసి ఉంటే మేమెవరమూ చదవం. చదివితే వేసాని నమ్మలేదన్నట్టు ఉంటుంది. పేరు పెట్టేస్తాం."

"ఎర్రలైటు వస్తే పక్కింటికి వెళ్లమని పెట్టె మీదే రాసుంది. మీ అన్నకి ఎనభై అడుగులు నడిచే ఓపికుంది, కోటూ బూట్లూ తనే వేసుకున్నాడు. కానీ పచ్చ వెలిగింది. వస్తున్నారనుకుని కూర్చున్నాడు. డాక్టర్ లెక్క ప్రకారం గంటన్నర."

టోర్స్తి ఏడవలేదు. ఏడిస్తే బాగుండనిపించింది ఇర్మెలీకి.

"సాతు, నీ మీద కేసు లేదు. వెళ్లొచ్చు."

సాతు లేవలేదు. సంతోషం రావాలి కదా. రాలేదు.

"ఈ మార్పు ఎన్ని పెట్టెల్లోకి వెళ్లింది?" అడిగింది.

"అన్నిట్లోకీ," అన్నాడు వేసా. "సరిచేసి పంపడానికి రేపటిదాకా పడుతుంది."

"నా లిస్టులోనే ముప్ఫై ఒక్క మంది ఉన్నారు."

ఫోన్ తీసింది. మొదటి నంబర్ నొక్కింది. "నేను సాతుని. గోడ మీది పెట్టెని నమ్మకండి. పచ్చ వెలిగినా సరే, ఎవరి తలుపైనా కొట్టండి... నేనా? బాగానే ఉన్నాను."

రెండో నంబర్ నొక్కుతుంటే టోర్స్తి చెయ్యి చాచాడు.

"సగం నాకివ్వు."

ఆ చేతికేసి చూసింది సాతు. లిస్టు మధ్యకి చింపి, కింది సగం ఇచ్చింది.

"పేరు పేరునా చదువు," అంది.