కంప్యూటర్‌కు కుట్టిన చొక్కా

"కంప్యూటర్ భాగాలు విడిగా కొంటే వాపసు ఉండదండీ. మేమే బిగించి ఇవ్వమంటారా?" అడిగాడు కౌంటర్ దగ్గరి అబ్బాయి.

"వద్దు. నేనే బిగించుకుంటాను."

"ఇంతకుముందు ఎప్పుడైనా..."

"లేదు. ఇదే మొదలు. మీరు స్క్రూడ్రైవర్ పట్టుకునే పుట్టారా?"

అతనికి నవ్వొచ్చింది. ఆమె ముఖం చూసి మింగేశాడు. "మదర్‌బోర్డు సున్నితం అండీ. ఒక్క పిన్ వంగినా..."

"మా నాన్న టైలర్. ముక్కలు కలిపి నిలబెట్టడం పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా. బిల్లు వేయండి."

బయట వాన. ఆమె పెట్టెలన్నిటినీ గొడుగు కిందకు చేర్చి, తాను తడుస్తూ వెళ్లింది. వరసలో తర్వాతి మనిషి రెండుసార్లు దగ్గేదాకా అతను అటే చూస్తూ ఉండిపోయాడు.

కదిలే బొమ్మలు తయారుచేసే సంస్థ ఒకటి, పరీక్షగా ఒక చిన్న కథ చేసి సోమవారంలోగా పంపమని ఆమెను అడిగింది. నచ్చితే ఉద్యోగం. ఆ పనికి గట్టి కంప్యూటర్ కావాలి. "నేనే బిగిస్తాను నాన్నా, నమ్ము" అని ఆమె ఇంట్లో మాటిచ్చింది.

బిగించడం పూర్తయ్యాక తండ్రి పక్కన నిలబడి, "దేవుణ్ణి తలుచుకుని నొక్కమ్మా" అన్నాడు. ఇన్ని పనుల మధ్య దేవుడికి కంప్యూటర్లు కూడా చూసే తీరిక ఉంటుందా అని ఆమెకు చిన్న సందేహం. అయినా తలుచుకుంది. ఫ్యాన్లు తిరిగాయి. తెర వెలిగింది. తండ్రి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

మర్నాడే దానికి మందపాటి పూలగుడ్డతో కవర్ కుట్టాడు. ఆ ఇంట్లో ఫ్రిజ్‌కు, మిక్సీకి, ఇస్త్రీపెట్టెకు, ఆఖరికి కవర్లు దాచే పెట్టెకు కూడా కవర్ ఉంది. "వస్తువైనా సరే, ఒంటిమీద చొక్కా ఉండాలి" అనేవాడు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. గీసిన బొమ్మలన్నీ కలిపి వీడియోగా మార్చడానికి కంప్యూటర్ చాలాసేపు ఒళ్లు వంచి పనిచేయాలి. ఆమె ఆ పని పెట్టి వంటింట్లోకి వెళ్లేది. తిరిగొచ్చేసరికి అది ఆరిపోయి ఉండేది.

"మీరు ఏదో పాత సరుకు అంటగట్టారు" అంది ఫోన్‌లో.

సాయంత్రం ఆ షాపు అబ్బాయి ఇంటికి వచ్చాడు. కుర్చీలో మడిచి ఉన్న పూలగుడ్డను పక్కన పెట్టి కూర్చుని, ఒక్కొక్క వైరూ చూశాడు. "బిగింపు బాగుంది. మా షాపులో కూడా ఇంత పొందిగ్గా కట్టరు."

"మంచి కుట్టు బయటికి కనపడకూడదంటారు మా నాన్న."

అతను ఉన్నంతసేపూ కంప్యూటర్ బుద్ధిగా పనిచేసింది. వెళ్లాక ఆరిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే కథ.

"ఇంట్లో అల్లరి పిల్లాడు బడిలో ఉన్నట్టు, మీ ముందు ఎంత వినయమో" అంది ఆమె.

"నేనంటే ఇష్టమేమో."

"దాని ఇష్టాయిష్టాలు సోమవారం తర్వాత చూద్దాం."

ఆ రోజు తండ్రి గొంతు తగ్గించి అన్నాడు, "ఆ అబ్బాయి మళ్లీ రావడానికి కావాలనే ఏదో వదులు చేసి పోతున్నాడేమోనమ్మా."

ఆమెకు నమ్మాలనీ లేదు, కాదనాలనీ లేదు. ఆ మాట అబద్ధమైతే తప్పు తన చేతిదే. ఆదివారం అతను రాగానే అడిగేసింది.

అతని ముఖం చిన్నబోయింది. "రావాలని ఉన్న మాట నిజం. పాడుచేసి రావాలని మాత్రం లేదు. ఈరోజు నేను దాన్ని ముట్టుకోను. మీరు రోజూ చేసినట్టే చేయండి. నేను ఆ గుమ్మం దగ్గర కూర్చుంటాను."

ఆమె వీడియో పని పెట్టి, వెనక్కి చూడకుండా వంటింట్లోకి వెళ్లింది.

కాసేపటికి తండ్రి కుట్టుమిషన్ దగ్గర్నుంచి లేచి వచ్చాడు. కంప్యూటర్ ముందు ఎవరూ లేరు. అయ్యో, దుమ్ము పడుతుందే అనుకుంటూ, నిద్రపోతున్న పిల్లకు దుప్పటి కప్పినట్టు, ఫ్యాన్లు తిరుగుతున్న పెట్టెకు పూల కవర్ తొడిగాడు.

గుమ్మం దగ్గరి అబ్బాయి కొంచెంసేపు ఆగి, మెల్లగా పిలిచాడు. "మాస్టారూ, ఒక్కసారి ఆ కవర్ లోపల చెయ్యి పెట్టి చూడండి."

పెట్టాడు. వెంటనే తీసేశాడు. "అమ్మో, జ్వరం వచ్చినట్టుందే."

"లోపలి వేడి బయటికి పోవాలి మాస్టారూ. దారి లేకపోతే కాలిపోకుండా తనంతట తనే ఆరిపోతుంది."

ఆమె తడిచేతులతో వంటింటి గుమ్మంలోకి వచ్చింది. రోజూ తిరిగొచ్చి ఆ కవర్ తీసింది తనే. కానీ పుట్టి పెరిగిందే కవర్ల మధ్య. ఒక్కనాడూ అది కంటికి ఆనలేదు.

గబగబా కవర్ లాగేసి కింద కూలబడింది. "అయితే నా చేతి తప్పు కాదు" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"నాదమ్మా. బాగా చూసుకుంటున్నాననుకున్నాను." తండ్రి అతని వైపు తిరిగాడు. "నిన్నూ అనరాని మాట అన్నాను బాబూ."

"సగం నిజమే కదా మాస్టారూ" అన్నాడతను, నేల చూస్తూ.

ఆ సాయంత్రం వీడియో పూర్తయింది. సోమవారం చేరాల్సిన చోటికి చేరింది. ఉద్యోగం వచ్చిందన్న కబురు అందిన రోజు ఆమె షాపుకు ఫోన్ చేసింది.

"ఒకసారి ఇంటికొస్తారా?"

"మళ్లీ ఆగిందా?"

"లేదు. అస్సలు ఆగడం లేదు. మిమ్మల్ని పిలవడానికి సాకు లేకుండా పోయింది."

అతను వానలో తడుస్తూనే వచ్చాడు. కంప్యూటర్‌కు కొత్త కవర్ ఉంది, ఫ్యాన్లున్న చోటల్లా దోమతెర గుడ్డ కిటికీలతో. అతను దాన్ని చూస్తుండగానే భుజాల మీద చల్లగా ఏదో తగిలింది. వెనకాల తండ్రి, చేతిలో కొలత టేపు.

"నాకెందుకు మాస్టారూ?"

"ఇంట్లో తిరిగే మనిషివి, నీకొక్కడికే నా చేతి చొక్కా లేదు. చేతులు చాపు." టేపు ఛాతీ చుట్టూ తిప్పి, కాస్త వదులు చేశాడు. "గాలాడేట్టే కుడతాలే."

ఆమె తల వంచి, ఆ కొలత రాసుకుంది.