ముత్యాలయ్యకు పట్టిన నిద్ర

"మా ఆయన్ని నేనే చంపినానంటున్నారు సార్."

నెల్లూరులో ప్రైవేట్ డిటెక్టివ్ మాల్యాద్రి ఆఫీసు గుమ్మంలోనే నిలబడి చెప్పింది కామాక్షి. కూర్చోమన్నా కూర్చోలేదు. మర్నాడు స్టేషనుకు రమ్మని పోలీసులు చెప్పారు. మరిది పెంచలయ్య ఇంట్లోకి రానివ్వడం లేదు.

ఆమె భర్త ముత్యాలయ్య మైపాడులో పడవ నడిపేవాడు. ఇంజను బెల్టులో చెయ్యి చిక్కి భుజం నరాలు తెగాయి. గాయం మానింది, మంట మానలేదు. చెయ్యి నిప్పుల్లో పెట్టినట్టుందని అరిచేవాడు. చివరికి డాక్టర్ హెబ్రోను మార్ఫిన్ జాతి మందున్న ప్యాచ్ రాసిచ్చాడు. చర్మానికి అంటిస్తే మందు కొద్దికొద్దిగా ఒంట్లోకి దిగుతుంది. అప్పట్నుంచి ముత్యాలయ్య మళ్లీ వలలు బాగుచేసుకున్నాడు, మనుషులతో మాట్లాడాడు. అలాంటివాడు ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు. పోస్టుమార్టంలో మందు మోతాదు మించిందని తేలింది.

"ప్యాచ్ మార్చేది ఎవరు?"

"నేనే సార్. పాతది పీకి కొత్తది ఒకటే అంటించినా. ఆ పొద్దు చేపలు అమ్మను టౌనుకొచ్చినా. తిరిగి పొయ్యేతలికి..."

మాల్యాద్రి వెంటనే మైపాడు బయల్దేరాడు. అసిస్టెంటు బిందు కారు నడిపింది.

పెంచలయ్య వాకిట్లోనే మొదలుపెట్టాడు. "రెండు అంటించి ఒకటి పీకేసుంటది సార్. మా అన్న అరుపులు ఇనీ ఇనీ దానికి ఇసుగొచ్చింది."

బిందు మందుల పెట్టె చూసింది. కొన్నవాటిలో మిగిలినవి తీసేస్తే, వాడినవి మార్చిన రోజుల లెక్కకి సరిపోయాయి; ఒక్కటీ ఎక్కువ వాడలేదు. పెంచలయ్య సెల్‌ఫోనులో శవం ఫోటో చూపించాడు. భుజం కింద, వీపు మీద ఒకటే ప్యాచ్. దాని చుట్టూ అరచేయంత మేర ఎర్రటి కమిలిన మచ్చ.

"ప్యాచ్ గమ్ము ఒంటికి పడలేదేమో సార్," అంది బిందు.

"గమ్ము ప్యాచ్ ఉన్నంత మేరే ఉంటుందమ్మా."

నులక మంచం సందుల్లో ఉప్పు రాళ్లు చిక్కుకుని ఉన్నాయి. సముద్రం పక్క ఊరు, ఉప్పుకేం కొదవ అనుకుంది బిందు. మాల్యాద్రి ఒక రాయి తీసి వెలుగులో చూశాడు. అది మాడి నల్లబడింది.

ముత్యాలయ్య తల్లి మస్తానమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. "ఆ పొద్దు ముసురు నాయనా. వానొస్తే వాడికి నొప్పి ఎక్కువ. నేను పక్కనే ఉన్నా. ఎంత హాయిగా నిద్రపోయినాడో! గురక గూడా పెట్టినాడు."

మాల్యాద్రి బయటికొచ్చి నల్లబడిన ఉప్పు రాయిని బిందు అరచేతిలో పెట్టాడు. బిందుకి అప్పుడు అర్థమైంది.

"చెప్పాలా సార్?"

"చెప్పకపోతే రేపు కామాక్షిని లోపలేస్తారు."

సాయంత్రం అందర్నీ వరండాలో కూర్చోబెట్టాడు. డాక్టర్ హెబ్రోనుని కూడా పిలిపించాడు.

"ప్యాచ్ ఒకటే. కామాక్షి తప్పు చెయ్యలేదు," అన్నాడు మాల్యాద్రి. "కానీ ప్యాచ్‌కి వేడి తగిలితే లోపలి మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. ఊపిరి మందగిస్తుంది. ఆ గురక హాయిది కాదు, ఊపిరి అందక వచ్చింది. ఆ మచ్చ వేడికి కమిలింది. మంచంలో ఉన్నది వేయించిన ఉప్పు. అమ్మా, ఆ రోజు కాపడం పెట్టావా?"

"పెట్టినా నాయనా. ఉప్పు ఏంచి, గుడ్డలో మూటగట్టి, భుజం కింద వీపు మీద పెట్టినా. చిన్నప్పట్నుంచీ వాడికి యాడ నొప్పొచ్చినా..." అక్కడ ఆగిపోయింది.

పెంచలయ్య తల వంచుకున్నాడు. డాక్టర్ కలగజేసుకున్నాడు.

"ఎండలో తిరగొద్దు, వేడినీళ్లు పోసుకోవద్దు అని ముత్యాలయ్యకి చెప్పినానండీ."

"కాపడం వద్దని చెప్పారా?"

"వాళ్లు అడగలేదు."

"మీదీ ఈ జిల్లానే. మీ అమ్మ మీకు కాపడం పెట్టలేదా? పడవ మీద నడుం పట్టేసినా, మోకాలు వాచినా ఇక్కడ ముందు పొయ్యి మీదికెక్కేది ఉప్పే. నోటితో ఒక్క మాట. అంతే కావాల్సింది."

హెబ్రోను మంచి మందు ఇచ్చిన మనిషే. అందుకే మాల్యాద్రి అతన్ని క్షమించలేకపోయాడు.

"పోలీసులకి ఈ మాట మీరే చెప్పాలి, ఈ రాత్రికే," అన్నాడు.

పెంచలయ్య లేచాడు. "వదినా, తప్పైపోయింది. లోపలికి రా."

కామాక్షి అతన్ని దాటుకుని పోయి అత్త పక్కన కూర్చుంది.

"పొయ్యేటప్పుడు వాడికి తెలిసిందా నాయనా?" అని మస్తానమ్మ అడిగింది.

"లేదమ్మా. నిద్రలోనే."

కామాక్షి ఆమె చెయ్యి పట్టుకోబోయింది. మస్తానమ్మ విదిలించుకుంది.

"ముట్టుకోవద్దే ఈ చెయ్యి."

కామాక్షి పట్టుకుంది. పెంచలయ్య వంక మాత్రం తిరిగి చూడలేదు.