నీటిని తాకని బుట్ట

ఒరెగాన్ తీరంలో పీతల వేటకు వెళ్ళే బోట్లన్నిటిలోకీ 'గుడ్రున్' మహారాణి అని టోబిన్ కనబడ్డవాడికల్లా చెప్పేవాడు. కాకపోతే ఆ మహారాణిని నాలుగు తన్నితేగాని ఇంజన్ కదలదు. వంటగది పైకప్పు కారితే కాఫీ చిక్కదనం తగ్గిపోతుంది.

ఆ జనవరి మధ్యాహ్నం పీతల బోనులు నీళ్ళలోంచి ఎత్తుకుని ఇద్దరూ తిరిగొస్తున్నారు, టోబిన్, బోటు యజమాని ఆర్విడ్. రేవులో ఎప్పుడూ ఉండే, నీళ్ళలో పడ్డవాళ్ళని కాపాడే హెలికాప్టర్‌ని ఖర్చు తగ్గించడానికని గంట దూరంలోని ఊరికి తరలించారు. ప్రస్తుతానికి ప్రయోగమట. ఫలితం నచ్చితే ఇక తిరిగి రాదట. ఆ సంగతి చెప్పిన సర్కారు ఉత్తరాన్ని ఆర్విడ్ చుక్కాని పక్కనే అతికించుకున్నాడు, తిట్టుకోవడానికి వీలుగా.

"కొద్దిపాటి ఆలస్యం ఆమోదయోగ్యమే, అట. ఈ నీళ్ళలో అరగంట దాటితే మనిషి మిగలడు. ఇది రాసినవాడు ఎప్పుడన్నా చన్నీళ్ళ స్నానం చేశాడంటావా?"

"వేన్నీళ్ళతో కూడా చేసినట్టు లేదు పెద్దాయనా. ఉత్తరం వాసన చూడు."

ఆర్విడ్ నవ్వు పూర్తి కాలేదు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర వెనక నుంచి విరిగిపడ్డ కెరటానికి ఇంజన్ ఆగిపోయింది. ఆయన రేడియోలో సాయం అడుగుతుండగా టోబిన్ చలి ఆపే రబ్బరు సూటు తొడుక్కున్నాడు. "బయల్దేరుతున్నాం, యాభై ఎనిమిది నిమిషాలు," అంది రేడియో. ఆర్విడ్ ఒక బూతు మాట అన్నాడు. సూటు తొడుక్కునే వ్యవధి రెండో కెరటం ఆయనకివ్వలేదు.

బోల్తా పడ్డ బోటు కనుమరుగైంది. తెల్లటి పొగమంచు. డీజిల్ వాసన. ఆర్విడ్‌ని ఛాతీకి హత్తుకుని టోబిన్ తేలుతున్నాడు. పది నిమిషాలు గడిచాయేమో, ముసలాయన వణుకు తగ్గిపోయింది. అది మంచి సూచన కాదని టోబిన్‌కి తెలుసు.

అప్పుడు వినిపించింది. తలమీద... రెక్కల చప్పుడు.

"వచ్చేశారురా," అని గొణిగాడు ఆర్విడ్.

ఇంత త్వరగానా? టోబిన్ పైకి చూశాడు. చప్పుడు చెవులు పగిలేలా ఉంది. గాలి మాత్రం లేదు. హెలికాప్టర్ కింద నీళ్ళు ఉడుకుతున్నట్టు లేవాలి, తుంపర కళ్ళలో కొట్టాలి. ఒక్క అల కూడా చెదరలేదు...

మంచులోంచి ఇనుప తీగకు వేలాడుతూ, మనుషుల్ని పైకి లాగే బుట్ట దిగింది. కుళ్ళిన నాచు వాసన. కమ్ముల నిండా గుల్లలు పట్టి ఉన్నాయి, ఏళ్ళ తరబడి సముద్రం అడుగున పడున్నట్టు.

బుట్ట నీటిని తాకేదాకా ముట్టుకోకూడదు. హెలికాప్టర్ రెక్కల వల్ల తీగలో చేరిన కరెంటు మనిషిని చాచి కొడుతుంది. రేవులో నడక నేర్చిన ప్రతి పిల్లకీ తెలిసిన సంగతి. ఈ బుట్ట నీటిని తాకలేదు. జానెడు ఎత్తున ఆగింది. వాళ్ళకోసమే అన్నట్టు.

టోబిన్ ఆయన్ని ఎత్తి అందులోకి నెట్టాడు. కరెంటు కొట్టలేదు. తీగ మెల్లగా పైకి పోయింది. మొహం, తర్వాత చేతులు, తర్వాత కాళ్ళు మంచులో కలిసిపోయాయి.

చాలాసేపటికి పైనుంచి సన్నగా...

"టోబిన్... ఇక్కడ ఎవరూ లేరురా..."

బుట్ట మళ్ళీ దిగింది. ఖాళీగా. అడుగున ఆర్విడ్ ఉన్ని టోపీ, పొడిపొడిగా. టోబిన్ మొహం ముందే ఆగి నిలబడింది. అతను కళ్ళు మూసుకున్నాడు. నిజమైన హెలికాప్టర్ గాలి వచ్చి చెంపమీద కొట్టేదాకా తెరవలేదు.

మార్చిలో బడి ఆటల హాల్లో విచారణ జరిగింది. ఇస్త్రీ చొక్కాల అధికారులు నివేదిక చదివారు. 'స్పందన సంతృప్తికరం. ఒకరిని కాపాడాం.' రెండోవాడి పేరే లేదు. టోబిన్ చెప్పినట్టు ఆ వేళ ఇంకో హెలికాప్టర్ ఏదీ ఎగరలేదన్నారు, చలికి కుర్రాడి మతి చలించిందన్నారు. శవం దొరకలేదు.

"మతి చలించింది మీకు," టోబిన్ లేచి నిలబడ్డాడు. "మన హెలికాప్టర్ రేవులో ఉంటే పన్నెండు నిమిషాలు. పన్నెండు. అప్పుడు ఆయన ఇంకో బుట్ట ఎక్కాల్సిన పనే లేదు."

ఆర్విడ్ కూతురు సిగ్నే వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "నేను నమ్ముతున్నాను. నీ చోటు మా నాన్నకిచ్చావు."

ఊరంతా చప్పట్లు కొట్టింది. అవి ఆగేదాకా టోబిన్ నేల చూపులే చూశాడు.

"పెద్దాయనని గౌరవించి కాదు సిగ్నే. అది చూస్తే నాకు భయమేసింది. ఎక్కినవాడికి ఏమవుతుందో చూద్దామని... ఆయన్ని ముందు ఎక్కించాను."