చర్ల గారి సంతకం

"మీరేనా చర్ల?"

ఖమ్మం పత్రికాఫీసులో కంప్యూటర్ ముందు నుంచి తలెత్తి అడిగింది నాగలత. డెస్కులో విలేకరుల్ని పేరుతో కాదు, మండలంతో పిలుస్తారు.

వానలో తడిసి ముద్దయిన వీరబాబు గుమ్మంలోనే నిలబడ్డాడు. "అవ్ మేడం. నా వార్తలన్నీ కత్తిరించేది మీరేనా?"

"అంతంత పొడుగు రాస్తే కత్తిరించరా మరి? ఫోనులో గొంతు విని ఆరడుగుల మనిషనుకున్నా, చర్ల గారూ!"

రోజూ సాయంత్రం అతను ఎస్టీడీ బూత్ నుంచి వార్తలు చెప్పేవాడు. ఆ ఫోనులో మొదలైన గొడవ ఎప్పుడు ఇష్టమైందో ఇద్దరికీ తెలియదు. ఇవాళ ఆమె తండ్రి వెంకటప్పయ్య పెళ్లి మాటలకని కింద టీ కొట్టులో వీరబాబు కోసమే కూర్చున్నాడు.

నాగలత నవ్వు ఆపి ఒక కాగితం ముందుకు జరిపింది. "ముందు దీనిమీద సంతకం చేయాలట. లేకపోతే ఈ ఏడాది విలేకరి కార్డు ఇవ్వరు."

వీరబాబు చదివాడు. 'నేను ఈ సంస్థ ఉద్యోగిని కాను. సరదా కోసమే వార్తలు రాస్తున్నాను.'

"మొన్న మందుపాతర పేలిన కాడికి పోలీసులకన్నా ముందు పోయిన. గది సరదానా మేడం?"

"మేనేజర్ చెప్పాడు. అందరూ చేశారు." ఆమె గొంతు తగ్గింది. "నాన్న ఒక్కటే అడుగుతాడు, కంపెనీ ఉద్యోగమేనా అని. అవుననండి, చాలు."

కార్డు లేకపోతే పోలీసు క్యాంపు దాటి అడవి ఊళ్లలోకి పోనివ్వరు. వార్తా ఉండదు, సాయంత్రం ఫోనూ ఉండదు. సంతకం చేశాడు.

ఇద్దరూ కిందికి దిగగానే వెంకటప్పయ్య అదే అడిగాడు. "బాబూ, నీది కంపెనీ ఉద్యోగమేనా?"

వీరబాబు నాగలత వైపు చూశాడు. ఆమె కళ్లతోనే బతిమాలింది.

"కాదండి. కాదని ఇప్పుడే సంతకం పెట్టొచ్చిన."

వెంకటప్పయ్య గ్లాసు కింద పెట్టాడు. "భద్రాద్రి రాముడి మీద భారం వేసి వచ్చాను. మా అమ్మాయిది పర్మనెంటు ఉద్యోగం. నీకెలా ఇచ్చేది బాబూ?"

"పర్మనెంటు కాదు నాన్నా," అంది నాగలత. "నీకు అబద్ధం చెప్పాను. నాదీ కాంట్రాక్టే. వచ్చే నెల ఉంటుందో లేదో తెలియదు. మరి నన్నెవరు చేసుకుంటారు?"

రేకుల మీద వాన మోగుతోంది. కష్టపడేవాళ్లను దేవుడు చూస్తాడంటారు. చూస్తూ కూడా ఇంత దిగులులో ఎందుకుంచుతాడో?

వెంకటప్పయ్య బల్ల మీద పక్కకు జరిగాడు. "కూర్చోండి ఇద్దరూ. నెలనెలా గండమేనంటున్నారు. ఎలా బతుకుతారో నాకు చెప్పండి."

వీరబాబు బల్ల చివర కూర్చున్నాడు. నాగలత వచ్చి అతని పక్కన కూర్చుంది.